32 నిమిషాల ఊరు వదిలి 44 నిమిషాల ఊరికి: ఒక కుటుంబం ఇల్లు మారిన కేసు

పిల్లలున్న కుటుంబాలు మహానగరం వదిలి చుట్టుపక్కల ఊళ్లకు మారాలనుకున్నప్పుడు ఏ ఊరు, ఊళ్లో ఏ వైపు, ఆ వైపు ఏ వీధి అన్నది తేల్చిపెట్టడం నా పని. ఇళ్లు అమ్మను, అద్దెకు ఇప్పించను, ఏ ఏజెంటు దగ్గరా కమిషన్ తీసుకోను. టైమ్‌టేబుళ్లు, మ్యాపులు, స్కూల్ సీట్లు, సాయంత్రం పూట రోడ్లు చూసి చెబుతాను, దానికి ఫీజు తీసుకుంటాను. ఈ కేసు ఎందుకు రాస్తున్నానంటే వాళ్లు పట్టుకొచ్చిన లిస్టులో అట్టడుగున ఉన్న ఊరే చివరికి ఖాయమైంది, అది ఎలా జరిగిందో చూస్తే ఇదే పనిలో తలమునకలై ఉన్నవాళ్లకు కాస్త దారి దొరుకుతుంది. కుటుంబం ఒప్పుకున్నాకే రాస్తున్నాను, గుర్తుపట్టే వివరాలేవీ ఉంచలేదు, ఊళ్ల పేర్లు కూడా తీసేశాను.

ఇంట్లో ఐదుగురు. ఆవిడ నగరంలో ఒక పెద్ద ఆసుపత్రి ల్యాబ్‌లో టెక్నీషియన్, ఇంటి నుంచి చేసే పని కాదు, వారంలో ఐదు రోజులూ వెళ్లాల్సిందే, సాయంత్రం 5కి డ్యూటీ దిగుతారు. ఆయనది అకౌంట్స్ పని, వారానికి మూడు రోజులు ఆఫీసు, రెండు రోజులు ఇల్లు. పాపకు ఎనిమిదేళ్లు, బాబుకు రెండు. ఆయన తల్లి వాళ్లతోనే ఉంటారు, 68 ఏళ్లు, మోకాళ్ల నొప్పి, కారు నడపడం రాదు. ఇంటికి ఒకటే కారు.

మొదటి రోజు ఆయన లాప్‌టాప్‌లో ఒక పెద్ద షీటు తెరిచారు. ఏడు ఊళ్లు, ఒక్కో ఊరికి స్కూల్ ర్యాంకు, పార్కులు, అద్దె, నేరాల లెక్క, నగరానికి రైలు నిమిషాలు, అన్నిటికీ మార్కులు, చివర మొత్తం. చాలా శ్రద్ధగా చేసిన పని, నాకు ముచ్చటేసింది కూడా. పైన ఉన్నది '32 నిమిషాల్లో నగరం' అని ప్రకటనల్లో కనిపించే ఊరు. నేను షీటు చూస్తూ అడిగింది ఒకటే: సాయంత్రం బాబును క్రెష్ నుంచి ఎవరు తీసుకొస్తారు?

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. "నేనే అండీ, ఈయన్ని ఆఫీసు ఆరు దాటితే గానీ వదలదు" అన్నారు ఆవిడ. ఆఫీసు లేని రోజుల్లో? "ఆ రెండు రోజులూ నేను తెస్తాను" అన్నారు ఆయన. అంటే వారంలో మూడు సాయంత్రాలు ఆ ఇంటి బండి మొత్తం ఒక్క మనిషి మీద నడుస్తుంది. క్రెష్‌లు అన్ని ఊళ్లలోనూ దాదాపు 6:30కి మూసేస్తాయి. షీటులో ఇన్ని గడులున్నాయి గానీ ఈ 6:30కి ఒక్క గడి లేదు. నా కాగితం పైన పెద్ద అక్షరాలతో అదే రాసుకున్నాను, కేసు అంతా దాని చుట్టూనే తిరిగింది.

ఏడు ఊళ్లలో నాలుగింటిని త్వరగానే కొట్టేశాం. రెండింటిలో ప్రైమరీ స్కూళ్లు మంచివే కానీ హైస్కూల్ కోసం పిల్లలు మళ్లీ నగరం వైపే పోవాలి. ఒకటి వరద నీళ్లు వచ్చే పల్లంలో ఉంది. ఇంకొక ఊరి పేరు మీద గొప్పలన్నీ ఇంకా రాని రైలు లైను గురించే. నా పద్ధతి ఏమిటంటే ఈరోజు పట్టాల మీద నడుస్తున్న రైలునే లెక్కేస్తాను. శంకుస్థాపన అయిన రైలుకు సున్నా మార్కులు, ప్రకటించిన రైలుకు సున్నా కంటే తక్కువ, ఎందుకంటే దాని పేరు చెప్పి అద్దెలు ముందే పెరుగుతాయి.

మిగిలినవి మూడు. మొదటిది ఆ 32 నిమిషాల ఊరు, దీన్ని ఫాస్ట్ ఊరు అందాం. రెండోది పెద్ద పెద్ద పెరళ్లు, చెట్లు, విశాలమైన ఇళ్లు ఉన్నది, రైలు లేదు, హైవే ఉంది, తోటల ఊరు అందాం. మూడోది రెండు రైలు లైన్లు కలిసే పాత జంక్షన్, ఒకప్పుడు గిడ్డంగులు, వర్క్‌షాపులు ఉన్న ఊరు, ఫోటోల్లో ఏమాత్రం అందంగా ఉండదు, రైలు 44 నిమిషాలు. ఆయన షీటులో ఏడో స్థానం దీనిదే.

గుమ్మం నుంచి గుమ్మానికి

రైలు ఎంతసేపు నడుస్తుందో టైమ్‌టేబుల్ చెబుతుంది, మనిషి ఎంతసేపు తిరుగుతాడో చెప్పదు. ఫాస్ట్ ఊళ్లో వీళ్ల అద్దెకు అందే ఇళ్లన్నీ హైవే అవతల కొత్త లేఅవుట్లలో ఉన్నాయి, స్టేషన్‌కు నాలుగున్నర కిలోమీటర్లు. ఉదయం 7కి 12 నిమిషాల్లో వెళ్లొచ్చు, 8కి అదే దారి 20 నిమిషాలు. స్టేషన్ పార్కింగ్ ఏడున్నరకల్లా నిండిపోతుంది కాబట్టి అటు చివర పెట్టి 5 నిమిషాలు నడవాలి. రైలు తప్పకూడదని ముందే వెళ్లి నిలబడేది ఇంకో 8 నిమిషాలు. తర్వాత 32. నగరంలో దిగి మెట్రో ఎక్కి ఆసుపత్రి చేరడానికి 14. మొత్తం 79 నిమిషాలు.

జంక్షన్ ఊళ్లో ఇల్లు స్టేషన్‌కు 9 నిమిషాల నడక. రద్దీ వేళల్లో పది నిమిషాలకో రైలు, అందుకే సగటున 5 నిమిషాలు ఆగితే చాలు. రైలు 44, దిగాక ఆసుపత్రికి 12. మొత్తం 70. రైలు 12 నిమిషాలు ఎక్కువ తీసుకునే ఊరే గుమ్మం నుంచి గుమ్మానికి 9 నిమిషాలు దగ్గరైంది. ఆయన ఇది చూసి వెంటనే ఒప్పుకోలేదు, తన లెక్క తాను మళ్లీ వేసుకున్నారు, ఫాస్ట్ ఊళ్లో ఏడింటికే బయల్దేరితే 71 వస్తుందని చూపించారు. నిజమే, కానీ అప్పటికి క్రెష్ తెరవరు.

తోటల ఊరికి రోడ్డు ఖాళీగా ఉంటే కారులో 45 నిమిషాలు. పనిదినాల్లో 75 నుంచి 100. ఇక్కడ ఇబ్బంది పెట్టేది 75 అనే అంకె కాదు, దానికీ 100కీ మధ్య ఉన్న తేడా. అమెరికాలో రహదారుల వాళ్లు దీని కోసమే ఒక లెక్క వాడతారు: ఇరవై రోజుల్లో పందొమ్మిది రోజులు టైముకు చేరాలంటే ఎంత సమయం చేతిలో పెట్టుకోవాలి అని. నేను క్లయింట్లతో వేయించే లెక్క కూడా అదే. సగటు ప్రయాణం ఎంతన్నది ఎవరికీ అక్కర్లేదు, క్రెష్ ఆయాకు అసలే అక్కర్లేదు.

రోజూ ప్రయాణానికి మనిషి ఎంత సమయం ఇవ్వగలడన్నది పాత ప్రశ్నే. యాకోవ్ జహావి అనే రవాణా పరిశోధకుడు 1970లలో రకరకాల నగరాల లెక్కలు చూసి, ఎక్కడైనా జనం రోజుకు రానూపోనూ కలిపి దాదాపు ఒక గంటే ప్రయాణానికి కేటాయిస్తున్నారని గమనించాడు. ఇటలీ శాస్త్రవేత్త చేజారే మార్కెట్టి 1994లో ఆ ఆలోచనను ఇంకా ముందుకు తీసుకెళ్లాడు: నడిచే కాలంలో ఊరు ఆ గంటకు సరిపడా ఉండేది, రైలు, కారు వచ్చాక ఊరు పెరిగింది గానీ ఆ గంట పెరగలేదు. ఈ కుటుంబం ఏ ఊరు ఎంచుకున్నా ఆ గంటకు రెట్టింపు దాటుతుంది. అందుకని తక్కువ చేయడం ఎలాగూ మన చేతిలో లేదు, ఆ సమయం ఎలా గడుస్తుందన్నది కొంత ఉంది. 2004లో మనస్తత్వవేత్త డేనియల్ కానెమాన్ బృందం టెక్సాస్‌లో ఉద్యోగాలు చేసే 909 మంది ఆడవాళ్లతో ముందురోజు గంట గంటా ఎలా గడిచిందో రాయిస్తే, ఉదయం పనికి వెళ్లే ప్రయాణం అన్నిటికంటే అడుగున వచ్చింది. అలాగే బ్రూనో ఫ్రై, ఆలోయిస్ స్టుట్జర్ అనే ఆర్థికవేత్తలు జర్మనీ కుటుంబాల సర్వేలు పట్టుకుని చూస్తే, దూరం ప్రయాణించేవాళ్లకు మంచి జీతమో చవకైన ఇల్లో దాన్ని పూడ్చాల్సింది పోయి, వాళ్ల తృప్తి తక్కువగానే ఉంది. నేను దీన్ని క్లయింట్లకు చెప్పేది భయపెట్టడానికి కాదు. ఇల్లు చూసిన రోజు పెరడు కళ్లకు కనబడుతుంది, 79 నిమిషాలు కనబడవు, అందుకని కనబడేదానికి ఎక్కువ మార్కులు పడతాయి.

సాయంత్రం పరీక్ష

ఇది నేను ప్రతి కేసులోనూ చేస్తాను, కాగితం మీద, నిమిషం నిమిషం.

ఫాస్ట్ ఊరు. 5కి డ్యూటీ దిగి 5:14కి స్టేషన్. ఫాస్ట్ రైలు 5:20. ఊరు చేరేసరికి 5:52. కారు దాకా 5 నిమిషాలు, సాయంత్రం రద్దీలో లేఅవుట్ పక్కనున్న క్రెష్‌కు 20. బాబు చేతికొచ్చేది 6:17కి. పదమూడు నిమిషాల వెసులుబాటు, బాగానే ఉంది. ఇప్పుడు ఆ 5:20 తప్పిందనుకోండి, ల్యాబ్‌లో ఒక శాంపిల్ ఆలస్యమైతే చాలు తప్పుతుంది. 5:35కి స్లో రైలు ఉంది, అది 50 నిమిషాలు తీసుకుని 6:25కి చేరుతుంది. ఆగి 5:50 ఫాస్ట్ ఎక్కితే 6:22. ఏదెక్కినా క్రెష్‌కు వెళ్లేసరికి 6:47, లేదా 6:50. తలుపు దగ్గర బ్యాగు తగిలించుకుని ఒక్కడే కూర్చున్న పిల్లాడు, గడియారం చూసుకుంటున్న టీచరు.

జంక్షన్ ఊరు. 5:12కి స్టేషన్, 5:15 రైలు, 5:59కి దిగడం. క్రెష్ స్టేషన్‌కూ ఇంటికీ మధ్య దారిలోనే, నాలుగు నిమిషాలు. 6:03. ఒక రైలు తప్పితే 6:13. రెండు తప్పితే 6:23. రెండు రైళ్లు తప్పినా పిల్లాడు టీచరు దగ్గర తిట్లు తినకుండా ఇంటికొస్తాడు.

ఆవిడ ఈ కాగితం చూసి కాసేపు ఏమీ అనలేదు. తర్వాత "నాకు ఇప్పుడున్న టెన్షనే ఇది, ఇంటి అద్దె తగ్గించుకుని ఇదే టెన్షన్ ఇంకో ఊళ్లో పెట్టుకుందామనుకున్నామన్నమాట" అన్నారు.

ఇంకో మాట ఉంది. రైళ్లు మొత్తం ఆగిపోయే రోజు ఎక్కడైనా వస్తుంది, సిగ్నల్ పోతుంది, గాలివానకు చెట్టు పడుతుంది. ఫాస్ట్ ఊరికి ఒకటే లైను. జంక్షన్‌కు రెండు, అవి నగరంలో వేరే వేరే స్టేషన్ల నుంచి బయల్దేరతాయి. రెండో లైను చుట్టు తిరిగి వస్తుంది, ఇరవై నిమిషాలు ఎక్కువ, కానీ వస్తుంది. అన్నిటికీ మించి ఇంట్లో నానమ్మ ఉన్నారు. లేఅవుట్ ఇంట్లో ఉంటే ఆవిడ ఏమీ చేయలేరు, కారు లేనిదే క్రెష్ చేరే దారి లేదు. జంక్షన్ ఊళ్లో క్రెష్ ఇంటికి ఐదు నిమిషాలు, ఆవిడ నడకకు ఎనిమిది. ఇది కేసును తిప్పేసిన విషయం. పిల్లాణ్ణి తీసుకెళ్లడానికి అనుమతి ఉన్నవాళ్ల లిస్టులో ఆవిడ పేరు, ఫోటో మొదటి రోజే ఇవ్వమని కాగితంలో రాశాను, చాలామంది దీన్ని వాయిదా వేస్తారు, తీరా అవసరమైన రోజు క్రెష్ వాళ్లు పిల్లాణ్ణి ఇవ్వరు, ఇవ్వకూడదు కూడా.

డబ్బు లెక్క

అద్దె ఆదాయంలో 30 శాతం దాటకూడదని అందరూ చెప్పే సూత్రం. దాని ప్రకారం జంక్షన్ ఊరు మొదటి వడపోతలోనే పోవాలి, ఎందుకంటే స్టేషన్ దగ్గరి ఇల్లు వీళ్ల ఆదాయంలో 33 శాతం. ఫాస్ట్ ఊళ్లో 27, తోటల ఊళ్లో 24. ఆయన షీటులో జంక్షన్ అడుగుకు పోవడానికి సగం కారణం ఇదే. అయితే చికాగోలోని సెంటర్ ఫర్ నైబర్‌హుడ్ టెక్నాలజీ అనే సంస్థ చాలా ఏళ్లుగా చెబుతున్నది వేరు: ఇంటి ఖర్చు ఒక్కటే చూడొద్దు, రాకపోకల ఖర్చు కూడా కలిపి మొత్తం 45 శాతం లోపు ఉందా చూడండి అని. చవకైన ఇల్లు దూరంగా ఉండి రెండో కారు కొనిపిస్తే అది చవక కాదు.

అలా వేస్తే ఫాస్ట్ ఊరికి రెండో కారు, పార్కింగ్, సీజన్ పాసు కలిపి రాకపోకలకు 21 శాతం, మొత్తం 48. తోటల ఊరికి 22, మొత్తం 46. జంక్షన్‌కు ఒకే కారు, అదీ ఎక్కువగా వారాంతాల్లోనే, ఇద్దరి రైలు టికెట్లు, 9 శాతం, మొత్తం 42. ఇక్కడ ఆయన మొహం మారింది, అకౌంట్స్ మనిషి కదా, అంకెలతో గొడవ పడరు.

ఇంటి వీధి

ఊరు ఖాయమైందనుకున్నాక అసలు పని మొదలవుతుందని నేనంటాను, క్లయింట్లు అప్పటికే సామాన్లు సర్దడం మొదలుపెడతారు. ఒకే ఊళ్లో రెండు వీధుల మధ్య తేడా ఒక్కోసారి రెండు ఊళ్ల మధ్య తేడా కంటే ఎక్కువ.

ఏజెంటు చూపించిన మొదటి ఇల్లు అందరికీ నచ్చింది. శనివారం పదకొండు గంటలకు చూశారు, వీధి ప్రశాంతంగా ఉంది, ఎండ పడుతోంది, పాప వరండాలో కూర్చుని లేవనంది. ఏజెంట్లు ఇళ్లు శనివారం పదకొండుకే చూపిస్తారు, అందులో తప్పేమీ లేదు, ఎవరి పని వాళ్లది. నేను ఒక మంగళవారం ఉదయం 8:20కి అదే వీధి మొగలో నిలబడ్డాను. స్టేషన్ సిగ్నల్ తప్పించుకోవడానికి కార్లన్నీ ఆ వీధిలోంచి దూరి పోతున్నాయి. ఐదు నిమిషాల్లో 58 కార్లు. గంటకు 700 వరకు, రోజు మొత్తం ట్రాఫిక్‌లో రద్దీ గంట వాటా మామూలుగా పదో వంతు అటూ ఇటూ ఉంటుంది కాబట్టి రోజుకు సుమారు 7,000. ఫుట్‌పాత్ మీద ఒక తల్లి ఇద్దరు పిల్లల్ని గోడ వైపు నెట్టి, తాను రోడ్డు వైపు నడుస్తోంది, ఎదురుగా వచ్చే మనిషికి దారివ్వాలంటే ముగ్గురూ ఆగి పక్కకు ఒదగాలి. ఆ ఒక్క దృశ్యం చాలు.

ఈ 7,000 ఎందుకు ముఖ్యమంటే, నగరాల రూపకల్పన మీద పనిచేసిన డొనాల్డ్ యాపిల్‌యార్డ్ 1960ల చివర్లో శాన్‌ఫ్రాన్సిస్కోలో పక్కపక్కనే ఉన్న మూడు వీధుల్ని పరిశీలించాడు. చూడ్డానికి ఒకేలా ఉంటాయి, తేడా ట్రాఫిక్ ఒక్కటే: రోజుకు సుమారు 2,000 వాహనాలు, 8,000, 16,000. ట్రాఫిక్ తక్కువున్న వీధిలో ఒక్కో మనిషికి అదే వీధిలో సగటున ముగ్గురు స్నేహితులున్నారు, ఎక్కువున్న వీధిలో ఒక్కరు కూడా పూర్తిగా లేరు, 0.9. తక్కువున్న వీధిలో జనం మెట్ల మీద కూర్చునేవాళ్లు, పిల్లలు బయట ఆడేవాళ్లు. 68 ఏళ్ల మనిషిని ఎవరూ తెలియని ఊరికి తీసుకెళ్తున్నప్పుడు ఈ అంకె స్కూల్ ర్యాంకు కంటే తక్కువేం కాదు. ఆ ఇల్లు వద్దన్నాను. పాప నాతో మాట్లాడ్డం మానేసింది.

రెండు వీధులు వెనక్కి వెళ్తే అంత అందం లేని ఇల్లు దొరికింది. ఆ వీధి చివర మూసుకుపోయి ఉంటుంది, కార్లకు దారి లేదు, నడిచేవాళ్లకు సన్నని సందు ఉంది. ఇలాంటి వీధి కనిపిస్తే నేను వదలను.

స్కూల్ 700 మీటర్లు, దాటాల్సిన పెద్ద రోడ్డు ఒకటే, దానికి సిగ్నల్ ఉంది. క్లారెన్స్ పెర్రీ అనే నగర ప్రణాళికల మనిషి 1929లో న్యూయార్క్ ప్రాంతం కోసం గీసిన ప్లానులో స్కూల్‌ను మధ్యలో పెట్టి, పెద్ద రోడ్లను అంచులకు తోసి, పిల్లలు పావు మైలు లోపు నడిచి వెళ్లేలా చూశాడు. ఇక్కడ అంత దగ్గర కాదు, అయినా పాప పదేళ్లకు ఒంటరిగా వెళ్లగలిగే దారే. ఫాస్ట్ ఊళ్లో స్కూల్ హైవే అవతల మూడు కిలోమీటర్లు, అక్కడ పన్నెండేళ్లొచ్చినా ఎవరో ఒకరు కారు తీయాలి. ఇంగ్లండ్‌లో మేయర్ హిల్‌మన్ అనే పరిశోధకుడి బృందం చేసిన సర్వేల్లో 1971లో ఏడెనిమిదేళ్ల పిల్లల్లో 80 శాతం పెద్దవాళ్లు లేకుండా స్కూల్‌కు వెళ్లేవాళ్లు, 1990కి అది 9 శాతానికి పడిపోయింది. పిల్లలు మారలేదు, రోడ్లు మారాయి. పిల్లలకు అనుకూలమైన ఊరు అనగానే అందరూ ప్లేగ్రౌండ్‌లు లెక్కపెడతారు, నేను మాత్రం అమ్మానాన్నల్ని అడక్కుండా పిల్లలు తమంతట తాము వెళ్లిరాగల చోట్లు ఎన్ని అని చూస్తాను. లైబ్రరీ, గ్రౌండు, స్నేహితుల ఇళ్లు.

తర్వాత ఒక వాన సాయంత్రం ఆవిడను, పెద్దావిడను, బాబును స్ట్రోలర్‌తో సహా తీసుకుని స్టేషన్ నుంచి ఆ ఇంటికి నడిపించాను. ఇది వాళ్లకు నచ్చలేదు, ఎండ ఉన్న రోజు వెళ్దామన్నారు, ఎండ ఉన్న రోజు ఏ దారైనా బాగానే ఉంటుందన్నాను. ప్లాట్‌ఫాం దిగి పట్టాల అవతలికి వెళ్లడానికి రెండు దారులు: ఓవర్‌బ్రిడ్జికి 40కి పైగా మెట్లు, లిఫ్ట్ మీద 'పనిచేయదు' అని కాగితం, ఆ కాగితం కూడా పాతబడి రంగు వెలిసింది. అండర్‌పాస్‌కు ర్యాంప్ ఉంది, వాలు ఎక్కువ కాదు, కానీ అడుగున ఒక చోట నీళ్లు నిలబడ్డాయి, ఒక లైటు వెలగడం లేదు. స్ట్రోలర్ చక్రాలు సగం దాకా మునిగాయి. పెద్దావిడ గోడకున్న రెయిలింగ్ పట్టుకుని మెల్లగా నడిచి అవతలికి వచ్చి "రెయిలింగ్ ఉంది కాబట్టి ఫర్వాలేదమ్మా, అది లేకపోతే నేను రాను" అని కోడలితో అన్నారు. నా రిపోర్టులో ఆ అండర్‌పాస్‌కు అర పేజీ ఇచ్చాను. వాన రోజు రెండో వైపు గేటు నుంచి బయటికి రావాలని, అందుకు రైల్లో వెనక పెట్టె ఎక్కాలని రాశాను. ఏ పెట్టె ఎక్కితే ఏ గేటు దగ్గర దిగుతారన్నది చిన్న విషయంలా ఉంటుంది, రోజూ నాలుగు నిమిషాలు మిగులుస్తుంది.

శబ్దం సంగతి. జంక్షన్ అంటే గూడ్స్ రైళ్లు, అవి ప్యాసింజర్ టైమ్‌టేబుల్‌లో ఉండవు, రాత్రిళ్లే ఎక్కువ. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో ఐరోపాకు ఇచ్చిన మార్గదర్శకాల్లో రైలు శబ్దం రోజు మొత్తం మీద 54 డెసిబెల్స్, రాత్రి వేళ 44 దాటొద్దని సూచించింది. ఫోన్ యాప్‌తో కొలిచింది అధికారిక కొలత కాదు, అయినా ఒక అంచనా వస్తుంది. వీధి వైపు గది బాగానే ఉంది, వెనక గదిలో అర్ధరాత్రి గూడ్స్ బాగా వినిపించింది. పిల్లల్ని ముందు గదిలో పడుకోబెట్టమన్నాను. పట్టాలకు ఎదురుగా మొదటి వరుసలోనే ఉన్న ఇంకో ఇల్లు అద్దె తక్కువని ఆయన అడిగారు, దాని సంగతి ఎత్తొద్దన్నాను.

ఒక పనిదినం మధ్యాహ్నం 2కి ఊరు ఎలా ఉంటుందో కూడా చూడాలి. ఇంగ్లండ్‌లో ఎబెనెజర్ హోవర్డ్ 1898లో తోటనగరం ఆలోచన రాసినప్పుడు 32,000 మంది ఉండే ఊరు అనుకున్నాడు, అందులో ఫ్యాక్టరీలు, దుకాణాలు, పొలాలు అన్నీ ఉండాలి, జనం రోజూ నగరానికి పరిగెత్తకూడదన్నదే అతని ఉద్దేశం. ఆ ఆలోచనతోనే 1903లో కట్టడం మొదలైన లెచ్‌వర్త్ అనే ఊరి నుంచి ఇప్పుడు చాలామంది లండన్‌కు రైలెక్కి వెళ్తారు, అది వేరే సంగతి. ఫాస్ట్ ఊళ్లో మధ్యాహ్నం రెండింటికి లేఅవుట్‌లో సెక్యూరిటీ మనిషి తప్ప ఎవరూ కనబడరు. నానమ్మ రోజంతా గడపాల్సింది అక్కడే. జంక్షన్ ఊళ్లో ఆ వేళకు దుకాణాలు తెరిచి ఉన్నాయి, క్లినిక్ ముందు మనుషులున్నారు, లైబ్రరీలో పెద్దవాళ్లు పేపర్లు చదువుతున్నారు.

ఏం అనుకున్నట్టు కాలేదు

కొనకుండా ముందు ఏడాది అద్దెకు ఉండమన్నాను, ఉన్నారు. అది నేను అందరికీ చెప్పేదే, చలికాలం, వానాకాలం, స్కూల్ సెలవులు, అన్నీ ఒకసారి తిరిగి వచ్చేదాకా ఊరు పూర్తిగా అర్థం కాదు.

స్కూల్ దగ్గర ఇబ్బంది పడ్డారు. స్కూల్ ఉండటం వేరు, అందులో సీటు ఉండటం వేరు. ముందే ఫోన్ చేసి అడిగాం, చదువు మధ్యలో వస్తే ఆ తరగతిలో ఖాళీ ఉండకపోవచ్చన్నారు, లేదు కూడా. పాప కొన్ని నెలలు బస్సులో వెళ్లే వేరే స్కూల్‌లో చదివి, పేరు వెయిటింగ్ లిస్టులో పైకి వచ్చాక దగ్గరి స్కూల్‌కు మారింది. రెండుసార్లు స్నేహితుల్ని వదులుకోవాల్సి వచ్చింది, దానికి ఆ పిల్ల బాగా బాధపడింది. విద్యా సంవత్సరం మొదటిరోజుకు సరిపోయేలా మారి ఉంటే ఇది తప్పేది, కానీ పాత ఇంటి ఓనరు అప్పటిదాకా ఆగలేదు.

ఇల్లు ఇరుకే. ఆయన ఇంటి నుంచి పనిచేసే రెండు రోజులూ వీడియో కాల్ ఉన్నప్పుడల్లా గది కోసం తగువే, చివరికి ఆయన లైబ్రరీలో కూర్చోవడం మొదలుపెట్టారు. తోటల ఊళ్లో ఇదే అద్దెకు ఇంకో గది, పెరడు వచ్చేవి, ఆ మాట ఇప్పటికీ ఇంట్లో వస్తూనే ఉంటుంది. నేను దాన్ని కాదనను. పిల్లలు ఇంట్లో లేని జంటకో, ఇద్దరూ ఇంటి నుంచి పనిచేసేవాళ్లకో అయితే తోటల ఊరే చెప్పేవాణ్ణి.

సాయంత్రం పరీక్షకు అసలు పరీక్ష చలికాలంలో వచ్చింది. సిగ్నల్ చెడిపోయి మెయిన్ లైన్ మొత్తం ఆగింది, ఆయనకు అది ఆఫీసు రోజు. ఆవిడ రెండో లైను పట్టుకుని 6:50కి దిగారు. పెద్దావిడ అప్పటికే బాబును తెచ్చేసి, పాలు పట్టి, టీవీ ముందు కూర్చోబెట్టారు. తర్వాత ఆవిడ నాకు పంపిన మెసేజ్‌లో క్రెష్ గురించి ఒక్క మాట లేదు, రెండో లైను రైళ్లలో సీట్లు దొరుకుతున్నాయని, ఇకనుంచి శుక్రవారాలు అటే వస్తానని ఉంది.

ఏడాది చివర్లో ఇంకో లెక్క వేయాల్సి వచ్చింది, ఆయన ఆఫీసు మూడు రోజుల్ని నాలుగు చేసింది. ఫాస్ట్ ఊళ్లో ఉండి ఉంటే ఇది ఇంకో సాయంత్రం ప్రమాదం, ఇంకో రోజు పార్కింగ్ ఖర్చు. ఇక్కడ మారింది పాసు ఒక్కటే, అప్పటిదాకా విడి టికెట్ల మీద వెళ్లే ఆయన నెల పాసు తీసుకున్నారు. ఆఫీసు రోజులు ఎప్పుడైనా పెరగొచ్చు, అందుకే ఇద్దరూ ఐదు రోజులూ వెళ్లాల్సి వస్తే ఇల్లు నడుస్తుందా అన్నది నేను ముందే వేసి చూస్తాను, నడవకపోతే ఆ ఊరు తీసేస్తాను.

ఇప్పుడు వాళ్లు అదే వీధిలో కొనడానికి ఒక ఇల్లు చూస్తున్నారు, వెనక గది గూడ్స్ శబ్దానికి డబుల్ గ్లాస్ కిటికీ ఖర్చు ఎంతో కనుక్కోమన్నాను. పెద్దావిడ మునిసిపాలిటీకి అండర్‌పాస్ లైటు గురించి రెండు అర్జీలు పెట్టారు. లైటు వచ్చింది, నీళ్లు ఇంకా నిలుస్తూనే ఉన్నాయి. మూడోది రాస్తున్నారట.